నా నడుం మీద కాలు పెట్టింది ఎవరు?

మా కొట్లో కాటా మీద చెయ్యేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

మాది రొంపిచెర్లలో కిరాణా కొట్టని మీకు తెలుసు కదా. ముందు కొట్టు, వెనక గది, ఆ వెనక పెరడు. బియ్యం బస్తాలు జరిపీ జరిపీ నా నడుం పోయింది. నొప్పి నడుంలో మొదలై ఎడమకాలి వేళ్లదాకా పాకేది. రాత్రిళ్లు నిద్ర లేదు. నరసరావుపేటలో స్కాన్ తీయించాం. వెన్నులో డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది, ఆపరేషన్ చేయించుకుంటే మంచిదని డాక్టరు చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "నొప్పికైతే ఆలోచించుకోవచ్చమ్మా. కాలు మొద్దుబారితే మాత్రం ఆలోచించొద్దు. పరుగెత్తుకు రండి."

ఇక చూడండి... ఊరంతా డాక్టర్లే! పావుకిలో చింతపండుకి వచ్చినవాడు కూడా "నడుం ఆపరేషనా? మా బావమరిది మంచం దిగలేదమ్మా" అని చెప్పి పోయేవాడు. మా అత్తయ్య అయితే సరేసరి. "నడుం కోయించుకున్నోళ్లు మళ్లీ నిలబడింది నేను చూళ్లేదే." మా ఆయన అటూ ఇటూ కాడు. ఆసుపత్రిలో ఆపరేషన్‌కి మంచం చెప్పి వచ్చాడు, ఇంటికొచ్చి వాళ్లమ్మకి తలూపాడు. వీళ్లందరి మాటలు విని నాకూ భయం పట్టుకుంది. అది ఒప్పుకుంటాను. చేయించుకోవాలా... వద్దా... తేలలేదు.

అప్పుడు అత్తయ్య మీరాబీ అక్క పేరెత్తింది. మా వెనక సందులో ఉంటుంది. ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే పుట్టేటప్పుడు తలకి బదులు కాళ్లు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్లు ఎడమకాలితో తొక్కితే నడుంనొప్పి పోతుందని మా వైపు నమ్మకం. దానికి అత్తయ్య చెప్పిన పద్ధతులు ఇన్నీ అన్నీ కావు. గడప పక్కన బోర్లా పడుకోవాలి. లైటు ఆర్పాలి. ముఖం గోడ వైపు ఉండాలి. తొక్కేటప్పుడు మాట్లాడకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. పక్కన ఎవరూ ఉండకూడదు.

"ఆపరేషన్‌కి ముందు ఇదొక్కటీ చెయ్యవే. పోయేదేముంది?" అంది.

సరే, ఈ పోరు పడలేక ఒప్పుకున్నాను. పొద్దుగూకాక గదిలో పెరటి గడప పక్కన చాప వేసుకుని పడుకున్నాను. పెరటి తలుపు తీసి ఉంచారు. లైటు ఆర్పి, అత్తయ్య, మా ఆయన కొట్లోకి వెళ్లి మధ్య తలుపుకి అటు నుంచి గడియ పెట్టారు. కొట్లో ఫ్రిజ్ రొద వినబడుతోంది. అత్తయ్య దగ్గు వినబడుతోంది.

కాసేపటికి... పెరట్లో అడుగులు.

తప్... తప్... తప్... తడికాళ్లతో నాపరాళ్ల మీద నడిచినట్టు. మీరాబీ అక్క కాళ్లు కడుక్కుని వస్తోంది అనుకున్నాను. అడుగులు గడప దగ్గర ఆగాయి. ఊపిరి వినబడలేదు. గాజుల చప్పుడు లేదు. చీర చప్పుడు కూడా లేదు.

కాలు పెట్టింది.

చల్లగా లేదు... వెచ్చగా లేదు... బరువు. బరువు ఒక్కటే. సరిగ్గా నొప్పి ఉన్నచోటే పెట్టింది. అటూ ఇటూ వెతుక్కోలేదు. ఆ చోటు నేను అక్కకి ఎప్పుడూ చూపించలేదు. తొక్కడమంటే కాలు ఆనించి తియ్యాలి కదా... తియ్యలేదు. రెండో కాలు కూడా పెట్టింది. నా మీద నిలబడింది! మీరాబీ అక్క గాలొస్తే కొట్టుకుపోయే మనిషి. ఇది బియ్యం బస్తా కాదు... బస్తా మీద బస్తా. ఊపిరి ఆడలేదు. "అక్కా, చాలు" అని అరవబోయాను. మాట్లాడకూడదన్నారు కదా! చాప అంచు పళ్లతో కరుచుకుని పడి ఉన్నాను. నా బతుకులో నేను నోరు మూసుకున్న పూట అదొక్కటే. దానికి ఇప్పటికీ నా మీద నాకే కోపం.

లోపల ఎక్కడో... టక్.

బరువు దిగింది. నొప్పి లేదు. నెలల తరబడి ఉన్న నొప్పి చటుక్కున పోయింది. అడుగులు మాత్రం పెరట్లోకి వెళ్లలేదు. నన్ను దాటుకుని... గదిలోకి వెళ్లాయి. తప్... తప్... ఆగిపోయాయి.

అప్పుడు పెరటి గేటు కిర్రుమంది.

"సుజాతా, పడుకున్నావా? ఆలస్యమైందే తల్లీ. మనవడు పడుకోకుండా చానా ఏడిపించాడు." మీరాబీ అక్క గొంతు!

ఆ గేటు ఎప్పుడు తీసినా కిర్రుమంటుంది. ఇందాక ఆ అడుగులు వచ్చినప్పుడు అనలేదు... ఎంత కేక పెట్టానో తెలియదు. అత్తయ్య, మా ఆయన గడియ తీసి పరుగెత్తుకొచ్చారు. లైటు వేశారు. గదిలో బస్తాలు, మంచం, అంతే. మంచం కింద కూడా చూశారు. నేల పొడిగా ఉంది.

"నేను ఇప్పుడేగా వచ్చింది. మరి ఎవురు తొక్కింది?" అని మీరాబీ అక్క గడప అవతలే నిలబడిపోయింది.

అత్తయ్య చేతులు జోడించింది. "దేవుడే వచ్చి తొక్కాడే! నొప్పి పోయిందా లేదా?" పోయిందన్నాను. అంతే! మా ఆయన ఆసుపత్రికి ఫోన్ కలిపాడు. "మా ఆవిడకి తగ్గిపోయిందండీ. మంచం వద్దండీ." నేను ఎదురుగా ఉన్నాను. నా ముఖం వైపైనా చూడలేదు.

లేచి నాలుగడుగులు వేశాను. మీరాబీ అక్క నా కాళ్ల వైపే చూస్తోంది. "సుజాతా, ఆ కాలేందే... ఈడుస్తున్నావు?" అంది. గడప దాటి లోపలికొచ్చి, కొంగుకి ఉన్న పిన్నీసు తీసి నా అరికాల్లో గుచ్చింది. "తెలుస్తుందా?"

"ఏంటక్కా?" అన్నాను. రక్తం బొట్టు కనబడింది. నాకు ఏమీ తెలియలేదు.

"నొప్పి లేదుగా, ఇంకేం గావాలే నీకు?" అంది అత్తయ్య.

"నొప్పి కాదత్తయ్యా, కాలే లేదు!" అని అరిచాను. "ఎవరు తొక్కారో తెలియదు. వాళ్ల వైద్యాన్ని నమ్ముతారు. నా కాలు గురించి నేను చెబితే నమ్మరా?" మా ఆయన చేతిలో ఫోన్ లాక్కుని ఆసుపత్రికి నేనే చేశాను. వస్తున్నామన్నాను. మీరాబీ అక్క పక్కన కూర్చుంటే ఆ రాత్రే ఆటోలో నరసరావుపేట వెళ్లాను. మా ఆయన వెనక బండి మీద వచ్చాడు. తెల్లారగానే ఆపరేషన్.

ఇప్పుడు నడుస్తున్నాను, చూస్తున్నారుగా. బొటనవేలు ఇంకా పూర్తిగా లేవదు. డాక్టరుకి అంతా చెప్పాను. డిస్కు ముక్క పూర్తిగా జారి నరం మీద పడిందట, అది ఎప్పుడైనా జరగొచ్చట. తగ్గిపోయిందని ఇంట్లో పడుకుని ఉంటే కాలు పోయేదన్నాడు. మరి ఆ బరువు ఏమిటని అడిగితే, భయంలో అలా అనిపిస్తుందమ్మా అన్నాడు. తొక్కేది అక్కే అనుకున్నాను, భయం అప్పటికి నాకు లేదు సార్ అన్నాను. ఆయన మందుల చీటీ రాసిచ్చాడు.

అది నన్ను ఆసుపత్రికి తరమడానికి తొక్కిందా... కాలు తీసేసుకోవడానికి తొక్కిందా? ఇప్పటికీ తెలియదు. అత్తయ్యని తిట్టాను, మా ఆయనని తిట్టాను, చింతపండుకి వచ్చినవాణ్ని కూడా కడిగేశాను. ఆ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని కూడా తిడదామని నోరు తెరుస్తాను. ఎవరని పిలిచి తిట్టాలి?