షిఫ్ట్‌బాసు రక్కిన చెయ్యి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది, జీతం తీసుకునే మనిషికి దిగులు ఉండదని. సుగటూరులో మా ఇంట్లో దిగులుపడటానికి చోటే లేదు. పట్టుపురుగుల తట్టలు, ఆవులు, చిన్నాన్న పిల్లలు (ఒక మూల కూర్చుని ఏడవాలన్నా ముందు అక్కడ నిద్రపోతున్నవాళ్ళను లేపాలి). అలాంటిదాన్ని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక చిన్న బడికి సైన్సు టీచరుగా వెళ్ళి, అక్కడే కోరమండల్ అనే పేటలో, పాత గని కార్మికుల ఇళ్ళ వరుసలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. శనివారం బడి వదిలాక మళ్ళీ సోమవారం పిల్లలు "గుడ్ మార్నింగ్ మిస్" అనేదాకా నన్ను పలకరించే నోరు ఉండేది కాదు. ఆదివారం సాయంత్రానికి నా గొంతు పనిచేస్తోందో లేదోనని ఒకసారి దగ్గి చూసుకునేదాన్ని. గోడ అవతల నుంచి పక్కింటి ఆంటీ కూడా దగ్గేది. మా పరిచయం అంతే. ఆమె భర్త గనిలో పనిచేసి పోయాడని ఇంటాయన చెప్పాడు. తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తూ నేను కనపడితే తల దించుకుని దాటిపోయేది. నేనంటే పడదు కాబోలు అనుకున్నాను.

మా అమ్మ రోజూ ఫోనులో ఒకటే అడిగేది. "తోడు ఎవరన్నా ఉండారా? ఒంటిగా ఉండేదైతే ఆ పని వదిలేసి వచ్చెయ్." ఒకరోజు విసుగెత్తి, "ఉండాదమ్మా, లక్ష్మి అని. నాతోనే తింటాది, నాతోనే పడుకుంటాది" అన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కాకపోతే లక్ష్మి పిల్లి. బూడిదరంగు చారలు, చిరిగిన చెవి. పాలు పోస్తే తాగి, నా దుప్పటి మీద పడుకుని, పొద్దున్నే వెళ్ళిపోయేది. అమ్మ ఊరుకుంటుందా? "లక్ష్మిది ఒక ఫోటో పంపు, చూస్తాను" అని వెంటపడింది. సరే, ఎలాగూ తెలిసేదే, నవ్వించి చెప్పేద్దామని ఒక ఆదివారం పొద్దున పిల్లిని చంకలో ఇరికించుకుని ఫోను పైకెత్తాను. సరిగ్గా అప్పుడే కుక్కరు కూత పెట్టింది. లక్ష్మి నా మణికట్టు నుంచి మోచేతిదాకా నిచ్చెనలా ఎక్కి, కిటికీలోంచి దూకేసింది. ఫోటోలో ఒక తోక, నా తెరిచిన నోరు పడ్డాయి.

చెయ్యి చూసుకుంటే మూడు గీతలు, సన్నగా రక్తం. దెబ్బకన్నా భయం ఎక్కువైంది. అంతకుముందు వారమే ఎనిమిదో తరగతికి ప్రథమ చికిత్స పాఠం చెప్పి, 'గాయాన్ని మొదట సబ్బుతో, నీటిధారతో కడగవలెను' అని బోర్డు మీద రాశాను. ఈ చేత్తోనే రాశాను. ఆ ముక్క ఒక్కటీ గుర్తురాలేదు. పసుపు డబ్బా బోర్లించుకుని, నాకు ఏమన్నా అయితే ఎవరికి, ఎప్పటికి తెలుస్తుందని లెక్కవేశాను. సోమవారం హాజరు వేసేటప్పుడు తెలుస్తుంది. ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది. కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది, తలుపు చప్పుడైంది.

పక్కింటి ఆంటీ. చర్చికి బయలుదేరిన తెల్లచీరలోనే ఉంది.

"ఏమైందమ్మా టీచరమ్మా? ఎందుకు ఏడుస్తా ఉండావు?"

"లక్ష్మి రక్కింది" అన్నాను.

"ఎవురు లక్ష్మి?" అని గదంతా కలియజూసి, కిటికీ బయట గోడమీద మూతి నాక్కుంటున్న పిల్లిని చూసి, "అయ్యో! వీడా? వీడు మొగోడు గదా! మా ఇంట్లో వీడి పేరు షిఫ్ట్‌బాసు. గనిలో బాసు మాదిరి ఇంటింటికీ పోయి చూసుకుంటాడు" అంది. ఇన్నాళ్ళూ నేను తోడనుకున్నవాడు ఆ వరుసలో ప్రతి ఇంట్లోనూ భోంచేస్తున్నాడన్నమాట. ఆ బాధలోనూ నాకు అసూయ కలిగింది. ఆంటీ పరుగున వెళ్ళి కాఫీపొడి తెచ్చి పసుపు మీద అద్దింది. ఇద్దరం ఆటో ఎక్కాం. ఆమె ప్రార్థన పోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చెయ్యి చూసి, "ఇదేమి, గాయమా వంటా?" అని అడిగింది. "ఇంత గోరుగాటు కనిపించకుండా ఇన్ని పొడులు పోస్తే లోపల క్రిములు పెంచుకున్నట్టే. పోండి, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడుక్కుని రండి. రుద్దొద్దు, నీళ్ళు పారనివ్వాల." మేమిద్దరం దొంగల్లా తలలు దించుకుని కుళాయి దగ్గరికి నడిచాం.

సగం కడిగానో లేదో ఆంటీ చేతిలోని నా ఫోను మోగింది. అమ్మ! ఆంటీ పొరపాటున ఎత్తేసింది. అమ్మ గొంతు నాదాకా వినపడింది. "ఎవురు మాట్లాడేది? లక్ష్మియా?"

ఆంటీ నా వైపు చూసింది. నేను సబ్బుచేతులు జోడించాను. ఆమె ఒకసారి గుండెల మీద సిలువ వేసుకుని, "అవునమ్మా, లక్ష్మినే. పాప చెయ్యి కడుక్కుంటా ఉండాది. నేను ఉండాను గదా, మీరు దిగులు పడొద్దు" అంది.

డాక్టరమ్మ గాయానికి మందు రాసి, ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చింది. "వీధిలో తిరిగే పిల్లి. కుక్కకే కాదు, పిల్లికీ రేబిస్ ఉండొచ్చు. దానికి టీకా ఇవాళే మొదలు, చెప్పిన రోజుల్లో వచ్చి పూర్తిగా వేసుకోవాల, ఒక్కటీ తప్పకూడదు. ఎరుపు పాకినా, వాచినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా, చంకలో గడ్డ తగిలినా వెంటనే రా" అని, ఆంటీ వైపు తిరిగి, "మీరు చూసుకోండమ్మా" అంది. ఆ మాటను ఆంటీ ఆజ్ఞలా తీసుకుంది. రోజూ బడి నుంచి రాగానే గడప దగ్గరే నిలబెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యి తిప్పి చూసేది. నుదుటి మీద చెయ్యి వేసేది. "నీకు గర్వం అనుకున్నానమ్మా, చదువుకున్న పిల్ల, మాతో యాడ మాట్లాడతాదిలే అని" అందొకరోజు. షిఫ్ట్‌బాసుకు ఏ జబ్బూ లేదు, రెండు ఇళ్ళ మధ్య గోడమీద తిని తిరుగుతూనే ఉన్నాడు.

టీకాలు అయిపోయాయి. గీతలు ఎండి, పొట్టు రాలి, చర్మం నున్నగా అయిపోయింది. ఆంటీ చూసి, "ఇంగ ఏమీ లేదులే" అని లోపలికి వెళ్ళింది. గాయం మానినందుకు దిగులుపడిన మనిషిని నేను నన్ను తప్ప ఇంకొకరిని చూడలేదు. మర్నాడు సాయంత్రం ఆమె గడప ముందు నిలబడి, చెయ్యి చాపి, "కొంచెం దురదగా ఉండాది ఆంటీ" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. చెయ్యిని వెలుగులోకి తిప్పి, ఏమీ లేని చోట చాలాసేపు వెతికింది. "అవునమ్మా, ఇంగా ఎర్రగానే ఉండాది. రోజూ చూపించి పోవాల్సిందే. లోపలికి రా, కాఫీ పెడతాను" అంది. అప్పటికే పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, రెండు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. అప్పటి ఆ అమ్మాయి, అంటే నేనే, వాటిని చూసి కూడా ఏమీ చూడనట్టు నటించి, చెయ్యి గోక్కుంటూ లోపలికి నడిచింది. ఎంత తెలివైనదాన్ననుకుందో పాపం!