నలభై రెండో నంబరు బస్సు

ఇరవై ఆరేళ్లు నలభై రెండో నంబరు బస్సు నడిపి రిటైరయ్యాక డ్రైవరమ్మ అరచేతిలో పట్టే బొమ్మ బస్సులు చేయసాగింది. ఆమె పనిచేసిన బస్సు డిపోను కొన్న కంపెనీ మేనేజరు ఆ బస్సు బొమ్మే చేయమని, దాని మీద మాత్రం తమ గుర్తు వేయమని స్టిక్కరు ఇచ్చి వెళ్లాడు.

ఆమె దాన్ని పక్కన పడేసింది. నలభై రెండని ఉన్న పాత నంబరు స్టిక్కరును నీళ్లలో నానబెట్టి, కాగితం నుంచి వదులైన అంకెల పొరను కుంచె మొనతో బొమ్మ బస్సు నుదుటి మీదికి జరిపింది. బట్టతో తడి అద్ది, ఆరాక వార్నిష్ పూసింది.

మేనేజరు వచ్చి చూసి మండిపడ్డాడు. "మా గుర్తేది? ఆ అంకెలు గీకేయండి!"

"గీకితే రంగూ ఊడొస్తుంది బాబూ. నేను నడిపినన్నాళ్లూ మీ గుర్తు ఆ బస్సు మీద ఒక్కరోజూ లేదు. అబద్ధం నేను అతికించను."

"అయితే నాకొద్దు."

"నేనూ ఇవ్వను," అంటూ ఆమె బస్సును వీధివైపు కిటికీలో పెట్టింది.