పదహారు పాటల కేసెట్టు

నా చిన్నప్పుడు మా మెట్టకూరులో ఒక సంగీత దర్శకుడి సంస్మరణ సభ జరిగింది. ఆయన పోయిన కొద్ది రోజులకే అభిమానులు కలిసి పెట్టుకున్న సభ. ఆ రోజు పక్కింటి అక్క జనానికి భలే పరీక్ష పెట్టిందని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పరీక్షా లేదు, పాడూ లేదు. నాకు తెలుసు, ఎందుకంటే చెడగొట్టింది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాకు పదకొండేళ్లు. అక్క టీచరు, చర్చిలో హార్మోనియం వాయించేది. సినిమా పాటల సభ నీకెందుకని ఇంట్లో పెద్దవాళ్లు గొణిగినా వినకుండా తనే ముందుండి నడిపింది. పన్నెండు పాటలు కాగితం మీద రాసి, రికార్డింగ్ షాపులో కేసెట్టు చేయించుకు రమ్మని నన్ను పంపింది. దారిలో ఆగి, నాకిష్టమైన నాలుగు డాన్సు పాటలు కింద చేర్చాను. సభలో నా పాటలూ మోగాలి కదా!

షాపాయన కాగితం చూసి, "అరవై నిమిషాల కేసెట్లో పదహారెలా పడతాయమ్మాయ్? పాటల ముందుండే మ్యూజిక్కులు కోసెయ్యాలి," అన్నాడు.

"కోసెయ్యండి బాబాయ్ గారూ, గొంతు మొదలైతేనే కదా పాట!" అన్నాను. అంత తెలివి నాది.

ఆ సాయంత్రం షామియానా కింద, దండ వేసిన ఫొటో పక్కన టేప్ రికార్డర్ పెట్టారు. మొదటి పాట నేరుగా గొంతుతోనే అందుకుంది. చేపల వేటకెళ్లే ఒకాయన లేచి నిలబడ్డాడు.

"వయొలిన్లేవండీ? ఆయన్ని తల్చుకుందాం రమ్మని, ఆయన చేసిందే తీసేశారేటి?"

జనమంతా సభకొచ్చిన షాపాయన మీదకు తిరిగారు. "ఏమయ్యా, తలకాయ తీసేసి మొండెం ఇచ్చావా?" అని ఒకరు, "నీ కొట్టు మెట్టెక్కితే ఒట్టు," అని ఇంకొకరు. ఆయన నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. లేచి చెప్పెయ్యాలనే ఉంది, లేవలేకపోయాను.

అక్క టేపు ఆపింది. షాపాయన కేసెట్టు డబ్బాలో పెట్టిచ్చిన పాటల కాగితం తీసి చదివింది. కింది నాలుగు పాటలూ నా కోడిగీతల్లో ఉన్నాయి. కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని మైకు అందుకుంది.

"ఆయన్నేం అనకండి. నేనే తీయించాను. మీకేపాటి గుర్తుందో చూద్దామని. ఊఁ, ఆ వయొలిన్లు మీరే అందుకోండి."

ముందు నవ్వారు. తర్వాత వేటకెళ్లే ఆయన రాగం తీశాడు. ఆటో నడిపే ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి దరువు వేశాడు. "ఆగవయ్యా, అక్కడ దరువుండదు," అని ఆయన భార్య కసిరింది. ఒక్కో పాటకూ ముందున్న మ్యూజిక్కు వాళ్లే పాడి, ఆ తర్వాతే టేపు వెయ్యనిచ్చారు. నేను అక్కర్లేదని కోయించిందంతా వాళ్ల నోళ్లలో, వేళ్లలో భద్రంగా ఉంది. అందరూ సంబరంలో ఉంటే నేను ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

అక్క పిలిచి అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. మర్నాడు మామూలుగానే, "టిఫిన్ తిన్నావా?" అంది. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు తిరిగి అనేదాన్ని, అక్కడితో పోయేది.

ఇప్పుడు తప్పు నాదైతే ఎవరూ అడక్కముందే చెప్పేస్తాను. నోరెక్కువని పేరు కూడా తెచ్చుకున్నాను. కానీ అక్కతో ఫోన్లో మాట్లాడే ప్రతిసారీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను. కాగితం చూశాక కూడా నన్నెందుకు అడగలేదక్కా? నేనే వచ్చి చెబుతానని చూశావా?