ఊపిరి వదలని మనిషి

పాప నిద్రపోయాక గానీ నాకు రాసుకునే తీరిక దొరకదు. నిద్రపోయిందని నమ్మకం కుదరడానికే చాలాసేపు పడుతుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగులుతోందా లేదా అని చూస్తాను. ఈ అలవాటు పాప పుట్టాక వచ్చింది కాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఉంది.

నేను పుట్టి పెరిగింది గరివిడిలో. నాన్న ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సముద్రాన్ని ఏడాదికోసారి, అమ్మమ్మ ఊరెళ్లినప్పుడు చూసేదాన్ని. ఈత రాదు. విజయనగరంలో బీఎస్సీ చదివాక మేనమామ కొడుక్కే నన్నిచ్చారు. బావ బడి మానేసి చిన్నప్పుడే సముద్రంలోకి దిగాడు.

మా ఊరికి ఎదురుగా నీళ్లలో బండలున్నాయి. వాటి సందుల్లో రాతిరొయ్యలుంటాయి. పొడవాటి మీసాలు బయటికి చాచి, ఒళ్లు లోపల దాచుకుంటాయి. వలకు సరిగ్గా చిక్కవు, దిగి చేత్తో పట్టుకోవాలి. మా ఇంటి మగవాళ్లు తాతల నాటి నుంచీ ఊపిరి బిగబట్టి దిగి పడుతున్నారు. కళ్లకు అద్దం, అరచేతికి చుట్టుకున్న గుడ్డ, నడుముకు తాడు, అంతే.

ఇద్దరు కలిసి వెళ్తారు. ఒకరు దిగితే ఒకరు పడవలో తాడు పట్టుకుని కూర్చుంటారు. బావ దిగితే పైన ఉండేది మా మావయ్య తమ్ముడు, చిన్నమావయ్య. బావ తల నీళ్లలో మునగగానే ఆయన కూడా తన ఊపిరి బిగబడతాడు. తన గుండె ఇక ఆగలేనని కొట్టుకోగానే తాడు ఒక్కసారి లాగుతాడు. పైకి రమ్మని గుర్తు. వాచీలు, గడియారాలు ఏవీ లేవు. పైనున్నవాడి రొమ్మే గడియారం. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి తెలిసి, ఒడ్డున నిలబడి నేనూ బిగబట్టి చూశాను. చిన్నమావయ్య తాడు లాగకముందే నా కళ్లు తిరిగాయి.

"నువ్వు బిగబట్టకే పిల్లా, నీ ఊపిరితో లెక్కెడితే నేను నడుం తడవకుండానే పైకి రావాల," అని బావ నవ్వాడు.

రెండేళ్ల కిందట కొత్త పద్ధతి వచ్చింది. వీపుకు గాలి ట్యాంకు కట్టుకుని సరదాకి సముద్రంలో దిగే పట్నంవాళ్లకు ఆ బండల దగ్గర రాతిరొయ్యలు పట్టుకోవడానికి పర్మిట్లు ఇస్తామని మత్స్యశాఖవాళ్లు అన్నారు. చేత్తోనే పట్టాలి, కడుపు కింద గుడ్లున్న దాన్ని వదిలేయాలి. ప్రతి గుంపుతో పాటు ఊరివాడొకడు దిగాలి. ఆ ఊరివాడికి కూడా ట్యాంకుతో దిగే కార్డు ఉండాలి. కార్డు లేనివాళ్లెవరూ ఇకమీదట ఆ బండల దగ్గర దిగకూడదు.

ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఇవన్నీ చదివి వెళ్లిపోయాక చిన్నమావయ్య ఇసకలో ఉమ్మి, "అయితే ఏటంటావురా? మన బండల మీద మనమే దొంగలమా?" అన్నాడు.

బావ కార్డు తెచ్చుకుంటానన్నాడు. తేకపోతే ఆ నీళ్లు అతనివి కావు. మరో పని రాదు. నాకూ భయం పట్టుకుంది, బావకు సముద్రం లేకపోతే మాకేముందని. ఇప్పుడనుకుంటే ఆ భయమే మమ్మల్ని తరిమిందనిపిస్తుంది.

ట్యాంకుతో దిగడం నేర్పేవాళ్లు ఒక పుస్తకం ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. బావ సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని పాపను ఒళ్లో ఆడిస్తూ వినేవాడు. నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. మొదటి పాఠంలోనే పెద్ద అక్షరాలతో ఒక సూత్రం ఉంది. నీళ్లలో ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.

"ఏటీ? మళ్లీ సదువు," అన్నాడు.

మళ్లీ చదివాను.

"ఓర్నాయనో! మా అయ్య నా మెడ పట్టుకుని నీళ్లలో ముంచి నేర్పిందే ఊపిరి ఆపడం. ఇప్పుడీ పుస్తకం ఆపొద్దంతాదా? నీళ్లలో ఊపిరి తీస్తే సస్తాం కదే."

"ట్యాంకులో గాలి ఉంటాది బావా. లోతులో పీల్చిన గాలి పైకొస్తున్నకొద్దీ పెరిగిపోతాది. నోరు మూసుకుంటే లోపల చోటు చాలక ఊపిరితిత్తి చీరుకుపోతాది. అందుకే పైకి వచ్చేటప్పుడు 'ఆ' అంటూ వదులుతూ రావాల."

నాకు అది బాగా తెలుసు. పీడనం తగ్గితే వాయువు పరిమాణం పెరుగుతుందని పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పాప బెలూన్ ఊది కూడా చూపించాను. బావ బెలూన్ వైపు చూసి, "ఇది పగుల్తాది గానీ నేను పగల్నులే," అన్నాడు. పాప పకపకా నవ్వింది.

రాత పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకదానికి సున్నా చుట్టాలి. బావకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, వాక్యం తెలియదు. నేను దగ్గరదారి కనిపెట్టాను. ఊపిరి అన్న ఇంగ్లీషు మాట, ఎప్పుడూ వద్దన్న ఇంగ్లీషు మాట రెండూ కాగితం మీద పెద్దగా రాసిచ్చాను. ప్రశ్నలో మొదటిది కనిపిస్తే, రెండోది ఉన్న జవాబుకు సున్నా చుట్టమన్నాను. రోజూ అప్పజెప్పించుకున్నాను. ఒక్కటీ తప్పకుండా చెప్పేవాడు. జవాబు నేర్పాను. ఒంటికి నేర్పలేదు.

అంతకంటే పెద్ద తప్పు మరొకటుంది. ఈత కొలనులో నేర్పేటప్పుడు, అందరి ట్యాంకులు అయిపోయినా బావ ట్యాంకులో సగం గాలి మిగిలేదట. కోచ్ వీపు తట్టి ఇంత ఒడుపైన మనిషిని చూడలేదన్నాడట. ఆ మాట చెబుతుంటే బావ మొహం వెలిగిపోయింది. ఊపిరి ఆపితే తప్ప అంత గాలి ఎలా మిగులుతుందని నాకు అనుమానం వచ్చింది. ఆ పుస్తకం చదివినదాన్ని కదా.

"బావా, నిజం సెప్పు. మధ్యలో ఊపిరి ఆపుతన్నావా?"

"కొంచెం. ఆపాలని ఆపట్లేదే. నీళ్లలోకి దిగ్గానే అదే ఆగిపోతాది."

"కోచ్‌కి తెలుసా?"

"నేనేల సెప్తాను?"

నేను చెప్పి ఉండొచ్చు. కోచ్ ఫోను నంబరు నా దగ్గరే ఉంది. చెబితే ఇంకొన్ని నెలలు నేర్పుతారు, లేదంటే పనికిరాడని పంపేస్తారు. కార్డు రాదు. పాపకు అన్నం కలుపుతూ, "సరే, ఆ సంగతి ఎవరికీ సెప్పకు. మెల్లగా నువ్వే మానుకో," అన్నాను. ఈ వాక్యం ఇప్పటికి ఎన్నోసార్లు రాసి కొట్టేశాను. ఈసారి కొట్టేయను.

కార్డు వచ్చింది. చిన్నమావయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఫొటోలో దొంగలాగున్నావురా," అన్నాడు. బావ దాన్ని దేవుడి పటం పక్కన పెట్టి దండం పెట్టుకున్నాడు.

మూడో వారం ఇద్దరు పట్నంవాళ్లతో వెళ్లాడు. ఆ రోజు జరిగింది చిన్నమావయ్య, ఆ వచ్చినవాళ్లు చెప్పగా నాకు తెలిసింది. ఎనిమిది బారల లోతున, రెండు బండల సందులో ఒకతను పెద్ద రాతిరొయ్యను పట్టుకున్నాడు. దాని కడుపు కింద గుడ్లున్నాయి. బావ అది చూసి వదిలేయమని చెయ్యి ఊపాడు. అతను వినలేదు. బావ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, తిరిగి సందులో పెట్టాడు. గుడ్లున్నదాన్ని ముట్టుకోకూడదని మా ఇంట్లో ఏ కాగితం రాకముందు నుంచీ ఉంది. అతనికి కోపం వచ్చి ఒక్కసారిగా పైకి లేచాడు. ఏమవుతాడోనని బావ అతని వెనకే లేచాడు.

ఎలా లేచాడో నేను చూడకపోయినా నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఎలా లేచాడో అలాగే. రొమ్ము నిండా గాలి, బిగించిన పెదాలు, వెలుతురు మీద చూపు.

పట్నం అతనికి ఏమీ కాలేదు. వాళ్లకు ఊపిరి ఆపడం రాదు.

"నవ్వుతా తేలాడమ్మా," అని చిన్నమావయ్య ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని చెప్పాడు. "పడవ అంచు పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చీసింది. కుడిచెయ్యి జారిపోయింది. నేను... ట్యాంకున్నాది కదాని బీడీ ఎలిగించుకున్నానమ్మా. ఆడితోపాటు బిగబట్టలేదు."

బిగబట్టినా లాభం లేదని, అసలు బిగబట్టడమే ముంచిందని ఆయనకు ఎలా చెప్పను? ఆయన నా వైపు చూస్తూ నేనేదైనా అంటానని ఎదురుచూశాడు. కోచ్‌కి చెప్పని మాట నా నోట్లో ఉంది. ఆయనకూ చెప్పలేదు.

ఊపిరితిత్తి చీరి గాలి బుడగ మెదడుకెక్కిందని విశాఖలో గాలి ఒత్తిడి పెంచే గదిలో పెట్టారు. ప్రాణం నిలిచింది. కుడిపక్క చెయ్యి, కాలు సగమే స్వాధీనంలోకి వచ్చాయి. మాట ముద్దగా వస్తుంది. ఇకమీదట ఏ నీళ్లలోనూ మునగకూడదన్నారు. ఇప్పుడు బావ గుమ్మంలో మంచం మీద కూర్చుంటాడు. ఆసుపత్రివాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులున్నాయి. గొట్టంతో పీల్చి బంతుల్ని లేపాలి, తర్వాత ఊపిరి వదలాలి. రెండు లేపుతాడు. లేపి అలాగే బిగబట్టి ఉండిపోతాడు. పాప మంచం పట్టుకుని, "నాన్నా, వదులు, వదులు," అని అరుస్తుంది.

కిందటి వారం చిన్నమావయ్య మా గూట్లోంచి అదే పుస్తకం తీసి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. బావ కార్డు పనికిరాకుండా పోయాక ఆ బండల దగ్గర దిగడానికి ఊరివాడంటూ లేడు.

"నాకు సదివి పెట్టు కోడలు పిల్లా. ఆడికి నేర్పినట్టే నేర్పు. ఒక్క తప్పూ రాలేదంట కదా ఆడికి."

పుస్తకం తెరిస్తే ఆ ప్రశ్న పక్కన నా పెన్సిల్ టిక్కు ఇంకా ఉంది. మూసేశాను. ముందు ఇసక తిన్నె ఎక్కి రమ్మన్నాను, కింద నుంచి పైదాకా ఆపకుండా "ఆ" అంటూ. ఆయన నవ్వాడు గానీ ఎక్కాడు. నాలుగు అడుగులు "ఆ..." అని వినిపించింది. తర్వాత నోరు మూసుకుపోయింది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ అక్కడే. యాభై ఏళ్లు దాటిన మనిషి, చెమటలు కారుతున్నాయి. అయిదోసారి కూడా పైకి వచ్చేసరికి పెదాలు బిగిసే ఉన్నాయి.

మంచం మీది నుంచి బావ చూస్తున్నాడు. "ఆడు వదల్డే," అన్నాడు ముద్దగా. "నాకు తెల్సు. వదల్డు."

నేను నేర్పనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కొలనులో మిగిలిన గాలి సంగతీ, నేను ఎవరికీ చెప్పొద్దన్న సంగతీ, బావ ముందే. చిన్నమావయ్య తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. బావ చూపు తిప్పుకున్నాడు.

"అయితే నన్నేటి సెయ్యమంటావు సెప్పు," అన్నాడు చిన్నమావయ్య. "ఆ నీళ్లలో దిగకుండా ఎలా బతకమంటావు?"

ఆయన పుస్తకం తీసుకుని లేచాడు. పాతపట్నంలో తన బావమరిది కూతురు చదువుకుందట, ఆ పిల్ల చేత చదివించుకుంటానన్నాడు.

అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే ఇసక తిన్నె వైపు నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. పొయ్యి దగ్గర పని ఆపి వింటాను. "ఆ..." అని మొదలవుతుంది. ఎక్కడ ఆగుతుందోనని చూస్తూ, నాకు తెలియకుండానే నా ఊపిరి బిగబడతాను.