మగ్గం గుంట కోసం కొన్న ఇల్లు

రండి, ఈ చాప మీద దగ్గరగా కూర్చోండి, కాళ్లు చాపుకున్నా ఫర్వాలేదు. చెప్పబోయేది ఇల్లు కొన్న ముచ్చటే కానీ, అందులో సంతోషం తక్కువ. మొన్న ఆదివారం మా బిడ్డ కొనాలనుకుంటున్న ఫ్లాటు చూడటానికి వెంట వెళ్లాను. ఇంకా తలుపులు బిగించని ఆ గదుల్లో పచ్చి సిమెంటు మీద నీళ్లు కొట్టిన వాసన ముక్కుకు తగలగానే నేను మళ్లీ ఐదో తరగతి పిల్లనైపోయాను. బిడ్డా అల్లుడూ దిల్‌సుఖ్‌నగరా, ఎల్‌బీ నగరా అని తేల్చుకోలేక సతమతమవుతున్నారు. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఎండాకాలమంతా నలిగింది ఇదే మాట.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు వెనక గల్లీలో, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాయినకు అక్కడే బట్టల షాపులో పని. పోచంపల్లి పక్క ఊళ్లో పుట్టినప్పటి నుంచీ మగ్గం మీదే బతికిన మా తాత, నాయనమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశాడు, వస్తూ వస్తూ మగ్గాన్ని విప్పి బస్సు టాపు మీద వేసుకుని వచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మట్టినేల ఉండేది. అక్కడ మోకాళ్లు దాటే లోతున గుంట తవ్వి, దాని మీద మగ్గం నిలబెట్టి, గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి కింది తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేసేవాడు. గుంటలోని చెమ్మకు పోగులు మెత్తగా ఉంటాయని, పొడి గాలి తగిలితే టపటపా తెగుతాయని చెప్పేవాడు.

ఎండాకాలం వస్తే కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి మామిడికాయల వాసన, గడ్డి వాసన, మురిగిన బత్తాయిల పులుపు వాసన కలిసి మధ్యాహ్నమంతా మా గల్లీలోకి కొట్టేది. తాత పొద్దుటి పని ముగించి చాయ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటుంటే, నేనూ గల్లీ పిల్లలూ వంతులేసుకుని గుంటలోకి కాళ్లు దించి ఆ చల్లదనంలో చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. వానాకాలంలో షెడ్డు నిండా గంజి వాసన, రంగు నూలు వాసన. బతుకమ్మ పండుగకు అమ్మ అన్నంతో నువ్వుల సద్ది, పెరుగు సద్ది కలిపి, తాతకు మాత్రం మగ్గం దగ్గరికే ఆకులో పెట్టి పంపేది, ఎందుకంటే పండుగ పూట కూడా ఆయన చేతిలోంచి నాడె దిగేది కాదు. నాడె అంటే పోగును అటూ ఇటూ మోసే చెక్క పడవ లాంటిది, అది వెళ్లి వచ్చే చప్పుడే మా ఇంటి గడియారం.

ఓనరమ్మ గోడ మీంచి తొంగిచూసి, “బాబాయిగారూ, మీ మగ్గం ఆగిపోతే నాకు టైమే తెలియట్లేదండీ. అన్నం ఆలస్యమైతే మా ఆయనతో మీరే మాట పడాలి,” అనేది.

“గడియారానికి కీ ఇయ్యాలె గద బిడ్డా. జర చాయ పొయ్యి, మళ్ల తిరుగుతది,” అనేవాడు తాత.

ఆ ఓనరమ్మే ఒక రోజు వచ్చి, ఇల్లు పడగొట్టి పిల్లల హాస్టల్ కడుతున్నామని, వేరే ఇల్లు చూసుకోమని చెప్పింది. ఎన్నాళ్లీ కిరాయి ఇళ్లని నాయిన సొంత ఇల్లే కొందామన్నాడు. చూసినవాటిలో రెండు మిగిలాయి. ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లోనే రెండో అంతస్తు, నాయిన షాపూ నా బడీ నడిచేంత దూరం, ఇంట్లోకే మంచినీళ్లు. ఇంకొకటి ఎల్‌బీ నగర్‌లో, చౌరస్తాకు చాలా లోపల, అప్పుడే కడుతున్న అపార్ట్‌మెంటులో గ్రౌండ్ ఫ్లోర్. అప్పట్లో ఆ చుట్టుపక్కల రాతిగుండ్లు, ముళ్లచెట్లు, అక్కడక్కడా ద్రాక్షతోటలు తప్ప ఏమీ లేవు.

“గాడ ఏముందని పోవుడు? బిందె నీళ్లకు నీ షాపోళ్లొచ్చి మోస్తరా?” అంది అమ్మ.

“మరి రెండో అంతస్తుల గుంట యాడ తవ్వాలె? ముసలాయన చేతులు కట్టుకొని కూసుంటడా?” అన్నాడు నాయిన.

 మర్నాడు అమ్మ వాకిలి ఊడుస్తూ, “కిందిదే చూడు,” అంది. అంతటితో తేలిపోయింది.

చూడటానికి నాయిన, అమ్మ, నేను వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేడని తాతను తీసుకుపోలేదు. రోడ్డు మీంచి రెండు మెట్లెక్కితే ఇల్లు. ఇంకా గచ్చు నున్నగా చేయలేదు. నాయిన వెనక గదిలో కిటికీ పక్కన ఇటుక ముక్కతో గీతలు గీసి, “మగ్గం గీడ,” అన్నాడు. మాకు తెలిసిన ఇళ్లన్నీ మట్టి మీద కట్టినవే, కింది ఇల్లంటే నేల మీది ఇల్లే అనుకున్నాం. ఒక పక్క స్థలం పల్లానికి దిగుతోంది కానీ, అటు ఇసుక, ఇనుప చువ్వలు కుప్పలు పోసి ఉండటంతో ఎవరమూ అటు వెళ్లి చూడలేదు. ఇంటికి వచ్చి నాయిన ఆ వెనక గదిని గురించి తాతకు పెళ్లిపిల్ల గురించి చెప్పినట్టు చెప్పాడు. వెలుతురు ఎటు నుంచి వస్తుందని తాత మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాడు.

ఇల్లు పూర్తయ్యి, పాలు పొంగించిన మర్నాడు తాత స్నానం చేసి, ఆ మూలకు పసుపు కుంకుమ పెట్టి, గచ్చు పగలగొట్టడానికి మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి సుత్తి కింద పెట్టేసి, “గుంటనా పెద్దాయనా? ఒక్కసారి నాతోని రా,” అని చెయ్యి పట్టుకుని పక్క నుంచి వాలుగా దిగే దారిలో తీసుకెళ్లాడు. మేమూ వెనకే దిగాం. మా ఇంటి కిందంతా సెల్లారు. స్కూటర్లు, నీళ్ల సంపు, సరిగ్గా మా వెనక గది కింద వాచ్‌మన్ వాళ్ల పొయ్యి, దాని మీద ఉడుకుతున్న పప్పు.

తాత తలెత్తి ఆ స్లాబు వైపు చూశాడు. “మనకు నేల అనుకున్నం. గిది ఆళ్లకు కప్పురా,” అన్నాడు.

నాయిన ముఖం చూడలేకపోయాం. నేల మీదనే నిలబెట్టే మగ్గం చేయిద్దామన్నాడు. “బండల మీద పోగులూ తెగుతయి, నా మోకాళ్లూ తెగుతయి. ఊకో కొడుకా,” అని తాతే ఆయన్ను ఊరడించాడు. మగ్గం కర్రలకు గోనెసంచులు చుట్టి బాల్కనీలో పెట్టారు. నాయిన షాపు నుంచి రెండు బస్సులు మారి, నేను నిద్రపోయాక ఇంటికి వచ్చేవాడు. ట్యాంకరు రాని రోజు అమ్మ బిందెలు మోసేది. దూరమని, ఆడపిల్ల ఒక్కతే బస్సెక్కలేదని నా బడి మధ్యలోనే ఆగిపోయింది. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే తాతకు ఎక్కువ బరువైందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. తన కోసమే అందరూ ఇటు వచ్చారని ఆయనకు తెలుసు.

తర్వాత తాత రోజూ పొద్దున్నే వెళ్లి, సెల్లారు దారి పక్కనున్న పొట్టి గోడ మీద కూర్చునేవాడు. ఆ అపార్ట్‌మెంటు మొత్తంలో కాళ్లు కిందికి వేలాడేసుకోవడానికి చోటు అదొక్కటే.

“ఏంది తాతా, పొద్దుగాలనే గోడెక్కినవ్?” అనేది వాచ్‌మన్ భార్య.

“నీ ఇంటి గాలి సల్లగున్నది బిడ్డా,” అనేవాడు.

నేను పక్కన కూర్చుంటే చూసేదాన్ని. చేతులు ఒళ్లోనే ఉండేవి, కాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ గాలిని తొక్కుతూ ఉండేవి. దసరాకు ముందు ఊరి నుంచి ఒక నేతకారు వచ్చి మగ్గం తీసుకుపోయాడు. బస్సు టాపు మీద తాడు బిగుసుకుందో లేదో తాత కింద నిలబడి రెండుసార్లు అడిగాడు. ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఇప్పుడా గల్లీ పోల్చుకోలేం, ఓనరమ్మ ఇల్లున్న చోట అన్నీ హాస్టళ్లే. పండ్ల మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి తరలిపోయింది, ఎండాకాలం వచ్చినా గాలిలో ఏ వాసనా లేదు. ద్రాక్షతోటల మీద కాలనీలు లేచాయి. అమ్మా నాయినా ఇద్దరూ లేరు.

మొన్న ఆ కొత్త ఫ్లాటులో నిలబడి మా బిడ్డను ఒకే ఒక్క మాట అడిగాను. దాని మామ, అంటే మా అల్లుడి తండ్రి, చైతన్యపురిలో వాళ్లందరూ ఉండే కిరాయి ఇంటి ముందు కుట్టుమిషన్ పెట్టుకుని, హాస్టల్ పిల్లల ప్యాంట్లు పొట్టి చేసిస్తుంటాడు. దారిన పోయే పిల్లలందరూ ఆయన్ను పలకరించే పోతారు.

“మీ మామయ్యను తెచ్చి చూపెట్టినవా?” అన్నాను.

“ఆయనకేందే అమ్మా,” అంది ఫోన్లో గదుల ఫొటోలు తీస్తూ, “యాడ కూసోమంటే గాడ కూసుంటడు.”

నేను ఆ గది కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడ కుట్టుమిషన్ పట్టేంత చోటుందేమోనని జానలతో కొలిచాను. ఇక మీరు లేవండి, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ గడపలో ముసలి చేతులు ఎన్నుంటే అన్నిటికీ పని ఉండాలి, ఆ పని పెట్టుకునేంత చోటు ఉండాలి.