మామిడి పిందె వెనక విమల

నేను జన్మలో ఒకే ఒక్కరికి సారీ చెప్పాను, అదీ కత్తితో. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. నాకేం పోయింది, పోవలసిన పరువు నాలుగేళ్ళ క్రితమే పోయింది.

అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో మా తెలుగు చర్చి పాస్టరమ్మగారు ట్రాయ్‌కి మారిపోతున్నారు. మా స్త్రీల సమాజం వాళ్ళు, నేను తీసిన గ్రూప్ ఫోటోకి ఫ్రేమ్ కట్టించి ఇద్దామన్నారు. "కట్టించడమెందుకు, నేనే చేస్తాను" అన్నాను. ఫోటో చుట్టూ పెట్టే మందపాటి అట్టని అందరిలా మధ్యలో నలుచదరంగా కోస్తే నా గొప్పేముంది? ఎడమ మూల నుంచి ఒక మామిడి పిందె ఫోటో మీదికి వాలాలి, అచ్చం కంచి పట్టు అంచులోలాగా. ఆ మూల ఎలాగూ ఖాళీ కుర్చీయే ఉంది.

"అట్టని వెనక నుంచి కొయ్యాలట, వీడియో పూర్తిగా చూడు" అన్నాడు మా ఆయన.

"అట్టముక్క కొయ్యడానికి మళ్ళీ మాస్టర్స్ చెయ్యాలా?"

వీడియో చూడకుండానే వెనకవైపు గీశాను, వెనకవైపే కోశాను. ఎడమ పక్కన గీసింది తిప్పితే కుడి పక్కకి వస్తుందన్న సంగతి మాత్రం ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరే ముందు ఫ్రేమ్ బిగించాక తెలిసింది. కుడి పక్కన ఉన్నది కుర్చీ కాదు, విమల. ఆవిడ మొహం మీద నా మామిడి పిందె దుప్పటి కప్పినట్టు నిండుగా పడుకుని ఉంది.

విమల మా చర్చిలో పాటలు పాడే క్వైర్‌కి లీడర్. కిందటి ఆదివారమే నాతో "కాస్త గొంతు తగ్గించి పాడు సునీతా" అంది. "దేవుడికి వినపడొద్దా?" అన్నాను. అంతే, వారంగా మాటల్లేవు.

మా ఆయన ఫ్రేమ్ చూసి కాఫీ కప్పు కింద పెట్టాడు. "కావాలనే మూసేశావనుకుంటారు."

"కావాలనైతే నోటితోనే చేస్తాను. అట్టతో నాకేం పని?"

"పోనీ, ఆవిడకి ముందే సారీ చెప్పెయ్."

"చచ్చినా చెప్పను."

ఇంకో అట్ట లేదు, టైమ్ అసలే లేదు. ఫ్రేమ్ విప్పి, పిందె మధ్యలో విమల మొహమంత కన్నం పెట్టాను. తొందరలో అది ఎలుక కొరికిన అప్పంలా వచ్చింది. ఆ వంకరలు దాచడానికి పాత చీర జరీ అంచు చుట్టూ అతికించాను. ఇప్పుడు పదకొండు మంది మామూలుగా నిలబడ్డారు, విమల ఒక్కతే బంగారు కిటికీలోంచి మహారాణిలా చూస్తోంది.

చర్చిలో పాస్టరమ్మగారు కవరు విప్పారు. అందరూ ఫ్రేమ్ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. విమల లేచి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. చెంప మీద ఒకటి పడుతుందనుకుని కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాను. ఆవిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది.

"నోటితో సారీ చెప్పడం నీకు రాదని తెలుసు సునీతా. ఇలా చెప్తావనుకోలేదు. ఇకమీదట నీకెంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పాడుకో."

"ఎంత మంచి మనసమ్మా" అన్నారు అమ్మగారు. వెనక బెంచీలో మా ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రార్థన కాదది, నవ్వు. చర్చిలో నిలబడి అబద్ధమాడకూడదు గనక నేను నోరు మూసుకున్నాను. నా నోటికది మొదటి సెలవు.

ఆ రోజే ప్రమాణం చేశాను, ఈ చేత్తో మళ్ళీ అట్ట కొయ్యనని. నా నోటి పుణ్యమా అని ఈ ఊళ్ళో నేను సారీ చెప్పాల్సిన వాళ్ళు ఇంకా పదకొండు మంది ఉన్నారు. అందరూ ఆ ఫోటోలోనే ఉన్నారు.