‘పో’కు టీకా తాత్పర్యం

అమరచింత చర్చి పాస్టరు ఇస్రాయేలయ్యగారి చెవిన ఒక్క మాట పడిందా, దానికి టీకా తాత్పర్యం చెప్పందే వదలరు. మంచినీళ్లు అడిగినవాడికి ముందు ‘మంచి’ అంటే ఏమిటో విడమరుస్తారు. అది సగమయ్యేసరికి అడిగినవాడు బోరింగు దగ్గరికి వెళ్లి తాగొచ్చి, మళ్లీ కూర్చుని వింటుంటాడు.

ఈ జబ్బు ఆయనకు పాస్టరు చదువులో అంటుకుంది. ఎప్పుడో వందల ఏళ్ల నాడు బైజాంటియం రాజ్యంలో ఒక బిషప్పు, పాత గ్రీకు తత్వగ్రంథాలకు మాటమాటకూ వ్యాఖ్యానం రాశాడట. అయ్యగారి ప్రసంగం ఏదైనా ఆ బిషప్పును తాకందే ముగియదు.

“ఆయన మీ మేనమామనా, అయ్యగారూ?” అని చర్చి ఊడ్చే జోగులమ్మ ఓసారి అడగనే అడిగింది.

“అంతకన్న ఎక్కువనేనమ్మా!”

మొన్న పొద్దున బాలకృష్ణ భార్య రేణుక, ఆత్మకూరులో ఉన్న పుట్టింటికి బయల్దేరి, బట్టల సంచితో బస్టాండులో నిలబడింది. అల్లంత దూరాన అయ్యగారు కనబడగానే ఆమె సంచిని వెనక్కి దాచుకుంది. ఆయన ఫోనులో ఎవరితోనో రెండు మాటలు గొణిగి, తిన్నగా దగ్గరికొచ్చారు.

“సంచి ఏందమ్మా?”

“పచ్చిపులుసుల ఉప్పు లేదన్నడు. మీ అమ్మతోని చేయించుకో అన్న. ‘పో’ అన్నడు. పోతున్న.”

“ఏ పో?”

“ఏ పో ఏంది అయ్యగారూ? పో!”

“గట్ల తీసిపారేస్తే ఎట్ల? మా బిషప్పయితే గీ ఒక్క మాటకే పది పేజీలు రాస్తుండె. పిల్లను బడికి పో అంటం. అండ్ల ‘మాపటికి రా’ అని దాగుంటది.”

బస్సొచ్చింది. రేణుక కాలు కదిపింది.

“జర ఆగు, అసలు సంగతి ఇప్పుడే వస్తది.”

అయ్యగారి మాట మధ్యలో తెంపుకుని పోవడమెలా? బస్సు వెళ్లిపోయింది.

“సిగ్గుపడ్డ పెండ్లాం గూడ మొగన్ని ‘పో’ అంటది. పొమ్మనా గది?”

రేణుకకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఇంతలో రెండో బస్సూ దాటిపోయింది.

“అయ్యగారూ, మీకు దండం పెడ్త, నన్ను ఇడువుండ్రి!”

“ఇంగ కోపంల అన్న పో ఒకటున్నది. దాని అర్థం అన్నోనికే ఎరుక. వాన్నే అడగాలె.”

అంటూ రోడ్డు వైపు చూపించారు. బాలకృష్ణ బండి తోసుకుంటూ, చెమటలు కక్కుతూ వస్తున్నాడు.

“మీరు ఫోన్ చేయంగనే ఎల్లిన, అయ్యగారూ. నడుమ పెట్రోలు అయిపాయె. బస్సెక్కిందేమోనని పరేషానయిన.”

రేణుక అయ్యగారి వైపు తిరిగింది. ఆయన అంతసేపు మాట్లాడి ఎండిపోయిన పెదవులు తడుపుకుంటూ, ఎరగనట్టు ఎటో చూస్తున్నారు.

బాలకృష్ణ తల వంచుకున్నాడు. “పులుసుల ఉప్పున్నది. నేనే కలపకుంట తిన్న. పోదాం పా, రేణుకా.”

‘పోదాం’ అన్న మాట చెవిన పడగానే అయ్యగారి చూపుడువేలు లేచింది.

“వద్దయ్యగారూ! గీ ‘పో’ నాకు సమజైంది.”

సంచి హ్యాండిలుకు తగిలించి, బండిని వెనక నుంచి తోస్తూ రేణుక ఇంటిదారి పట్టింది. వీధి మలుపు తిరిగినా ఆమె నవ్వు వినబడుతూనే ఉంది.